మేడ మీది మేకు

పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళడానికి నేను దాటింది ఒక్క వీధి. ఇటు అత్తయ్య ఇల్లు, అటు అమ్మ ఇల్లు, మధ్యలో రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సినంత దారి. ఇంత దగ్గర సంబంధం దొరికిందని అందరూ నన్ను అదృష్టవంతురాలన్నారు. ఎదురెదురు గుమ్మాల్లో ఇద్దరు వియ్యపురాళ్ళుంటే మధ్యలో ఉన్నదాని గతి ఏమవుతుందో అలా అన్నవాళ్ళకేం తెలుసు? అమ్మ ఊడ్చిన దుమ్ము ఇటు వచ్చిందని అత్తయ్య సణుగుడు, అత్తయ్య పారబోసిన నీళ్ళు అటు పారాయని అమ్మ మూతి విరుపు. ఎదురుపడితే మాత్రం "బాగున్నారా వదినగారూ" అంటే "మీ దయ వదినగారూ" అని పళ్ళన్నీ కనబడేలా నవ్వుకునేవారు. ఆ నవ్వులు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ ఎండాకాలం మా వీధిని వెడల్పు చేస్తామని కబురొచ్చింది. రెండు వైపులా ముందు గదులు పోతాయని వీధిలో ఒకటే గుసగుసలు. మా ముందు గదిలో మా ఆయన ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే షాపు. అమ్మ ముందు గదిలో కుట్టుమిషను. నాన్న పోయాక ఆ మిషను తొక్కే నన్ను పెంచింది, చదివించింది, వీధి దాటించింది. ఆ గది పోతే అమ్మకు బేరం ఉండదు. పక్క వీధిలో ఇంకో దర్జీ ఆవిడ గుంటనక్కలా కాచుక్కూర్చునుంది. బేరం పోతే అమ్మ వచ్చి అత్తయ్య పంచన పడాలి, అత్తయ్య పెట్టింది తినాలి, అత్తయ్య విదిల్చిన మాట పడాలి. నాకు ఇంకే దిగులూ లేదు, ఇదొక్కటే దిగులు.

కొలతలకు వచ్చిన ఇంజినీరుకు వీధంతా ఉపగ్రహం అని పేరు పెట్టింది. నోరు తెరిస్తే ఆ మాటే కాబట్టి. చుట్టుపక్కల మా మేడే ఎత్తని, పైన ఆకాశం నలువైపులా కనబడుతోందని, మేడ మీద సిమెంటులో ఒక మేకు కొట్టించాడు. దాని మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, బోర్లించిన గిన్నెలాంటి తెల్లటి పరికరం బిగించాడు. దానికి కాపలాగా ఒక పెద్దాయన. ఊరి కొలతలన్నీ మా ఇంటి నుంచే మొదలవుతున్నాయని అత్తయ్య వీధిలో అందరికీ చెప్పుకుంది.

నేను టీ పట్టుకుని మేడెక్కేసరికి అత్తయ్య అక్కడే ఉంది. కుట్టిన దిండు గలీబులు ఇచ్చే వంకతో అమ్మ కూడా ఎక్కింది.

"ఇదేం చేస్తుంది బాబూ?" అంది అత్తయ్య.

"పైన ఉపగ్రహాలుంటాయి పిన్నిగారూ. ఒక్కొక్కటీ టైమెంతో చెప్తూ తిరుగుతుంటుంది. ఆ కబురు మన దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, అదెంత దూరంలో ఉందో లెక్కేస్తాం. నాలుగైదింటితో అలా లెక్కేస్తే మనం ఎక్కడున్నామో తేలిపోతుంది. మీ ఫోన్లో నీలం చుక్క అలా వచ్చేదే."

"నా ఫోన్లో చుక్క మా ఇంట్లో ఎప్పుడుంది గనక?" అన్నాను. "ఒకరోజు అమ్మ వంటింట్లో ఉంటుంది, ఒకరోజు కాలవలో ఉంటుంది."

"పై గాలి పొరలు దాటి వచ్చేసరికి కబురు కాస్త చెడుతుందమ్మా. ఆ తేడా పట్టుకోడానికే దీన్ని పెట్టాం. ఈ మేకు సరిగ్గా ఎక్కడుందో ముందే కొలిచి దీనికి చెప్పేశాం. ఇది మేకు మీద కదలకుండా నిలబడి, ఆకాశం చెప్పేదానికీ తనకు తెలిసినదానికీ తేడా ఎంతో, కింద కర్ర పట్టుకుని తిరిగేవాడికి చెప్తూ ఉంటుంది. వాడు ఆ తేడా తీసేసుకుని గీత గీస్తాడు. ఇంక వేలెడు తప్పు కూడా రాదు."

"కదిలితేనో?" అంది అమ్మ, గలీబు మడత సర్దుతూ.

"కదిలానని దానికి తెలీదు. ఇంకా మేకు మీదే ఉన్నాననుకుంటుంది. తను జరిగి, లోకం జరిగిందనుకుంటుంది. ఇది నాలుగడుగులు అటు జరిగిందనుకోండి, కింద గీసే గీత కూడా నాలుగడుగులు అటే జరుగుతుంది. అందుకే ఎవరూ దీన్ని ముట్టుకోవద్దని మరీ మరీ చెప్తున్నా."

ముట్టుకోవద్దని చెప్పడానికి వచ్చినవాడు, ముట్టుకుంటే ఏమవుతుందో పూసగుచ్చినట్టు చెప్పి టీ తాగి వెళ్ళాడు. మర్నాడు మా వీధేనట. పొద్దున మా వరస, మధ్యాహ్నం ఎదురు వరస. గీతకు రోడ్డువైపు పడిందంతా పోయినట్టే. అమ్మా అత్తయ్యా ఎప్పుడూ లేనిది ఒకరి మీద ఒకరు విసుర్లు లేకుండా మెట్లు దిగారు. వయసు మీద పడి మెత్తబడ్డారేమో అనుకున్నాను. నా అంత పిచ్చిది ఇంకొకతి ఉండదు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య కాపలా పెద్దాయన్ని కిందికి పిలిచింది. "ఎండలో ఎంతసేపని కూర్చుంటారు అన్నయ్యగారూ, రండి, కాస్త ఫలహారం చేసి వెళ్దురుగాని." దాహమేసి వచ్చినవాళ్ళు రెండుసార్లడిగితేగానీ నీళ్ళివ్వని మనిషి. నేను నోరు తెరిచి చూస్తుంటే, "చూస్తావేంటి, వడ్డించు" అని నాకు పురమాయించి, బట్టల బకెట్టు పట్టుకుని మేడెక్కింది.

ఆవిడ దిగి వచ్చాక పెద్దాయన తృప్తిగా పైకెళ్ళి మళ్ళీ స్టాండు పక్కన కూర్చున్నాడు. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. అంతలో మా వరస ముందు ఇటుకల లారీ వచ్చి ఆగింది. దించడానికి మధ్యాహ్నం అవుతుందన్నారు. కర్ర మనిషి లారీని ఒకసారి చూసి, ఎదురు వరసకు వెళ్ళిపోయాడు.

అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టింది. "అదేంటి బాబూ, ముందు మావైపన్నారుగా?"

"లారీ అడ్డముంది పిన్నిగారూ. ఎటైతేనేం, ఇవాళ రెండూ అయిపోతాయి."

అత్తయ్య కుర్చీలోంచి దిగ్గున లేచింది. రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళి, పైన పెద్దాయన దగ్గు వినబడి వెనక్కి వచ్చింది. అప్పటికైనా నాకు బుర్ర వెలగలేదు.

నేను వీధి దాటి వెళ్ళేసరికి అమ్మ గదిలో ఎర్ర రంగు పడింది. గుమ్మం దగ్గర కాదు, గది మధ్యలో కాదు, వెనక గోడకు జానెడు ఇవతల. మిషను, కత్తిరింపు బల్ల, తగిలించిన బట్టలు, అన్నీ రోడ్డులోనే. ఆ వరసవాళ్ళు గీత ఇంత లోపలికా అని లబలబలాడుతుంటే అమ్మ మాత్రం మిషను మీది సగం కుట్టిన చొక్కా తీసి దారం తెంపింది.

"మళ్ళీ కొలవమని అడుగుదాం పద," అన్నాను.

"నువ్వెళ్ళి నీ పని చూసుకో," అంది. "నేను చూసుకుంటాలే."

మధ్యాహ్నం అమ్మ మా ఇంటికి వచ్చి, కాపలా పెద్దాయన్ని భోజనానికి పిలిచింది. "ఇల్లు పోయేలోగా ఒక మంచి మనిషికి అన్నం పెట్టుకోనివ్వండి అన్నయ్యగారూ." ఆయనకు కళ్ళనీళ్ళొక్కటే తక్కువ. తన సర్వీసులో ఇంత మర్యాద ఏ వీధిలోనూ చూడలేదట. ఆయన్ని తన వంటింట్లో విస్తరి ముందు కూర్చోబెట్టి, అమ్మ తడి బట్టల బుట్టతో మళ్ళీ వచ్చింది. తన గుమ్మం ముందు దుమ్మట, మా మేడ మీద ఆరేసుకుంటుందట. అత్తయ్య అప్పుడు తలనొప్పని గదిలో పడుకుని ఉంది.

లారీ వెళ్ళింది. మా వరస మొదలైంది. కర్ర మనిషి మా షాపులోకి వచ్చాడు, మా ఆయన వైండింగు మిషను దాటాడు, మోటార్ల అర దాటాడు, వెనక గోడ ముందు ఆగి ఎర్ర గీత గీశాడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. స్క్రూడ్రైవరు పట్టుకుని అలా నిలబడిపోయాడు. అత్తయ్య తలనొప్పి సంగతి మరిచి పరిగెత్తుకొచ్చి, గీతను చూసి గడప మీద చతికిలబడింది. "ఇటు కాదు, అటు కదా," అంది. ఏం అటు అని ఎవరూ అడగలేదు.

ఎండ తగ్గాక బట్టలు తీయడానికి మేడెక్కాను. అమ్మ బట్టలు ఎండి రెపరెపలాడుతున్నాయి. స్టాండు మా ఇంటి వెనక వైపుకు జరిగి ఉంది. మధ్యలో అత్తయ్య బకెట్టు బోర్లించి ఉంది. తీసి చూస్తే దాని కింద మేకు. మేకుకు అటువైపు, అంటే వీధి వైపు, దుమ్ములో స్టాండు కాళ్ళ గుర్తులు మూడు, తాజావి. పొద్దున అటు జరిగింది. మధ్యాహ్నం ఇటు జరిగింది. పొద్దున ఫలహారం, మధ్యాహ్నం భోజనం.

పెద్దాయన పైకొచ్చి, స్టాండును చూశాడు, మేకును చూశాడు, నన్ను చూశాడు. గబగబా దాన్ని విప్పి సంచిలో సర్దేశాడు. "తల్లీ, నా పొట్ట కొట్టకు," అన్నాడు. రెండు పూటలు తిని నిండిన పొట్ట అది.

మర్నాడు పక్క వీధి మొదట్లో ఇంజినీరును పట్టుకున్నాను. స్టాండు కదిలిందని, నేనే కదిపానని చెప్పాను. తప్పు నా మీద వేసుకుంటేనైనా రెండిళ్ళూ బతుకుతాయనుకున్నాను. అతను విసుక్కోలేదు. పలక లాంటి కంప్యూటరులో మా వీధిని తెరిచి చూపించాడు.

"ఎటు జరిపారు?"

"అటు," అన్నాను. వెంటనే, "ఇటు కూడా," అన్నాను.

"చూడండమ్మా. స్టాండు అటు జరిగితే రెండు గీతలూ అటే జరుగుతాయి. వాళ్ళకు ఎక్కువ పోతుంది, మీకు మిగులుతుంది. ఇటు జరిగితే మీకు పోతుంది, వాళ్ళకు మిగులుతుంది. మీరేమో రెండు వైపులా ఎక్కువ పోయిందంటున్నారు. అదెలా కుదురుతుంది? ఇల్లు పోతుందంటే ప్రతి వీధిలోనూ ఒకరు ఇలా ఏదో ఒకటి చెప్తారు. నేనేం అనుకోను."

"కొలతలు పెట్టేముందు సరిచూసుకోరా మీరు?"

అతను నీళ్ళు నమిలాడు. వీధి చివర ఇంకో మేకు ఉందట. పొద్దున్నే దాని మీద కర్ర పెట్టి సరిచూసుకోవాలట. దాని మీద ఎవరో కంకర కుప్ప పోశారట. వానల్లోగా ఊరంతా అయిపోవాలని పైనుంచి ఒత్తిడట.

"జరిపింది ఇద్దరు," అన్నాను చివరికి. "పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు."

అప్పుడు నా ముఖంలోకి చూశాడు. "అలా అయితే కుదురుతుంది. ఆ ఇద్దర్నీ తీసుకురండి. ఎప్పుడు, ఎటు జరిపారో నా ముందు చెప్తే చాలు, మళ్ళీ కొలిపిస్తాను. ఇద్దరూ రావాలి. ఒక్కరు చెప్తే లెక్క తేలదు. ఈ వారంలో రావాలి."

ఇంత సులువా అనుకుంటూ ఇంటికి పరిగెత్తాను. రెండు నోళ్ళు ఒక్కసారి నిజం చెప్తే రెండు గదులు నిలబడతాయి. ముందు అత్తయ్య దగ్గర కూర్చుని అంతా చెప్పాను. తను చేశానని ఆవిడ ఒప్పుకోలేదు, చేయలేదనీ అనలేదు.

"మధ్యాహ్నం మీ అమ్మా?" అంది.

"అవును."

"అయితే ముందు ఆవిణ్ణి చెప్పమను. మీ అమ్మ ముందు నేను దొంగలా చేతులు కట్టుకు నిలబడాలా? ఈ వీధిలో నాకో పరువుంది."

వీధి దాటి అమ్మ దగ్గరికి వెళ్ళాను.

"పెద్దావిడ, మగపిల్లాడి తల్లి. ముందు ఆవిణ్ణి చెప్పమను," అంది అమ్మ. "ఆవిడ నోటెంట వస్తే అప్పుడు చూద్దాం."

"ఆవిడ నిన్ను ముందు చెప్పమంటోంది."

"అంటుంది. ఎందుకనదు?"

ఆ వారమంతా అటూ ఇటూ తిరగడమే నా పని. బతిమాలాను, ఏడ్చాను, అన్నం మానేశాను, ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మను పట్టుకుని, "ఈ గది పోతే ఆవిడ చేతి కూడు తినాలే, తెలుస్తోందా నీకు?" అని అరిచాను. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది. అత్తయ్యను పట్టుకుని, "మీ అబ్బాయి రేపట్నుంచి ఎవడి షాపులోనో కూలికి పోవాలి," అన్నాను. "పోతే పోతాడు, పనిచేసే చేతులున్నాయిగా," అంది. మా ఆయన్ని మాట్లాడమంటే, "ఇద్దరూ తల్లులే, ఎవరినని ఏమనను?" అని బిగించిన ఫ్యానే మళ్ళీ విప్పి బిగించాడు. వారం అయిపోయింది.

మా గదులు ముందు ఫోన్లో పోయాయి. గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి, అమ్మ ఇంకా మిషను తొక్కుతూనే ఉంది, ఫోన్లో పటం తెరిస్తే మాత్రం ఊరి కొత్త రోడ్డు మా ముందు గదుల మీదుగా తెల్లగా, వెడల్పుగా పోతోంది. నేను అమ్మ మిషను దగ్గర నిలబడితే నీలం చుక్క నన్ను నడిరోడ్డు మీద చూపించేది. కొన్నాళ్ళకు గోడలు కూలగొట్టే యంత్రం వచ్చి, ఫోన్లో ఉన్నట్టే చేసింది. మాది గట్టి కట్టడం, వెనక గదులు నిలిచాయి. అమ్మది పాత ఇల్లు. ముందు గోడ పోగానే దూలం జారి వెనక కప్పు కూడా వంగిపోయింది. అందులో ఉండొద్దని చెప్పి మిగిలింది కూడా నేలమట్టం చేశారు.

అమ్మ మిషనుతో సహా మా ఇంటికి వచ్చింది. నేను దేనికి భయపడ్డానో అదే జరిగింది. "ఉన్నదాంట్లో సర్దుకుందాం వదినగారూ," అని అత్తయ్య వీధంతా వినబడేలా అంది. ఎంత పెద్ద మనసో అని వీధి ఆవిణ్ణి మెచ్చుకుంది. లోపల మాత్రం మిషను చప్పుడుకు తలనొప్పంది, దారప్పోగులు కాళ్ళకు చుట్టుకుంటున్నాయంది, మిషను మీద దుప్పటి కప్పించింది. అమ్మ బేరమంతా పక్క వీధి దర్జీ ఆవిడకు పోయింది. ఆవిడ కొత్త బోర్డు కూడా పెట్టిందట.

వానలు వెలిశాక రోడ్డు వేయడానికి వేరే ముఠా వచ్చింది. వాళ్ళు తమ స్టాండు ఎక్కడో ఆఫీసు మేడ మీద పెట్టుకుని, అంచు రాళ్ళు పాతుకుంటూ వచ్చారు. మా వీధికి వచ్చేసరికి రాళ్ళు మా గోడల దగ్గరికి రాలేదు. ఎక్కడో ముందుకు, మా పాత మెట్లుండే చోట వరసగా నిలబడ్డాయి. అటువైపూ అంతే. రోడ్డు వేసేశారు. రోడ్డుకూ మా గోడకూ మధ్య ఒక గదంత ఖాళీ నేల, మోటార్ల అర ఉండే చోట. అటు రోడ్డు అవతల ఇంకో గదంత ఖాళీ నేల, మిషను ఉండే చోట.

ఉపగ్రహం వచ్చి ఆ నేల మీద నిలబడి తల గోక్కున్నాడు. నన్ను పక్కకు పిలిచాడు. "మీరు చెప్పింది నిజమేనమ్మా. అసలు గీత ప్రకారం మీ రెండిళ్ళకూ మెట్లే పోవాలి. గదులు దీని దారిలోకి రానే రావు." ఈ మాట ఎక్కడా అనొద్దని బతిమాలి, బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. నేను వడ్డిస్తూ వడ్డిస్తూ అనేశాను. "మెట్లేనట. ఎవరూ ముట్టుకోకపోతే రెండిళ్ళకూ మెట్లే పోయేవట." మా ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు. అత్తయ్య పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది.

అమ్మ వైపు తిరిగాను. "నువ్వేం చేస్తావులే," అన్నాను. "పొద్దున వీళ్ళు జరిపారని నీకేం తెలుసు? తెలిస్తే అప్పుడే ఇంజినీరుని పిలిచి మేకు చూపించేదానివి."

"తెలుసు," అంది అమ్మ. "బకెట్టు తీసి చూశాను."

"చూశావా?"

"చూశాను. మేకు అక్కడుంది, స్టాండు ఇక్కడుంది. చిన్న పిల్లకైనా తెలిసేదే."

"మరి పిలవలేదేం? మేకు చూపిస్తే నీ గది నీకు దక్కేది కదమ్మా."

అమ్మ అన్నం కలుపుతూ, మామూలు గొంతుతో అంది. "నా గది నాకు దక్కేది. ఆవిడకేం పోయేది?"

నన్ను పెంచిన గది అది. వియ్యపురాలి గోడ కూలడం చూడ్డానికి దాన్ని ఇచ్చేసింది. ఇప్పుడు అత్తయ్య పళ్ళెం విసిరి లేస్తుందని, అమ్మను బయటికి గెంటుతుందని, నేను ఎవరి వైపు నిలబడాలో తేల్చుకోవాల్సి వస్తుందని అనుకున్నాను.

అత్తయ్య తలెత్తి అమ్మను చూసింది. పెళ్ళయినప్పటి నుంచీ ఎప్పుడూ చూడనట్టు, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"నేనైనా అంతే చేసేదాన్ని వదినగారూ," అంది. కూర గిన్నె అమ్మ వైపు జరిపింది.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒకటైపోయారు. మిషను మీద దుప్పటి తీసేశారు. సాయంత్రం కాగానే మా షాపు ఉండే ఖాళీ నేలలో రెండు కుర్చీలు వేసుకుని, ఒకరి చెవి ఒకరు కొరుక్కుంటూ కూర్చునేవారు. నేను దగ్గరికి వెళ్తే మాట మార్చేసేవారు. మా ఆయన ఎవరి షాపులోనో పని ముగించుకుని నల్లబడ్డ చేతులతో వస్తే, ఇద్దరూ కలిసి, "పాపం, అలిసిపోయాడు, నీళ్ళు పెట్టు," అని నాకు చెప్పేవారు. ఇన్నాళ్ళూ ఇద్దరి మధ్యా నలిగినదాన్ని, చివరికి ఇద్దరికీ కాకుండా పోయాను. కసి కొద్దీ మేడెక్కి ఆ మేకును పీకబోయాను. సిమెంటులో బిగుసుకుపోయి ఉంది, నా గోరు చిట్లింది గానీ అది కదల్లేదు.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం ఉపగ్రహం మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు. వెనక కాపలా పెద్దాయన, భుజాన సంచి. నా ముఖం చూడకుండా అత్తయ్యతో మాట్లాడాడు. పక్క వీధి వెడల్పు చేస్తారట. మా మేకు లెక్కలన్నీ తన దగ్గరున్నాయట. ఇంకోసారి మేడ ఇస్తే పని సులువవుతుందట.

"వద్దు," అన్నాను.

"నువ్వుండవే," అంది అత్తయ్య. "పదిమందికి పనికొచ్చే పని. పెట్టుకో బాబూ, నిక్షేపంలా పెట్టుకో."

పెద్దాయన సంచి పట్టుకుని మెట్లెక్కబోయాడు. అమ్మ మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంది. పక్క వీధి దర్జీ ఆవిడ ఇల్లు ఏ వరసలో ఉందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అత్తయ్య, అమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ముందు ఏ వరస మొదలుపెడతారు బాబూ?" అంది అత్తయ్య.

"ఇంకా అనుకోలేదు పిన్నిగారూ."

"నిదానంగా అనుకో," అంది అత్తయ్య, కుర్చీ జరుపుకుంటూ. "ఈసారి ఖచ్చితంగా చెప్పు."

అమ్మ మెట్ల దగ్గరికి నడిచి, పెద్దాయన చేతిలోని సంచి మెల్లగా అందుకుంది.

"ఫలహారం చేశారా అన్నయ్యగారూ?" అంది.